కత్తెర మేడమ్ మెచ్చుకున్న రోజు

మా కాలేజీలో పెయింటింగ్ చెప్పే పెద్ద మేడమ్‌ని పిల్లలు కత్తెర అనేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసి కోప్పడలేదు సరికదా, ఒకసారి స్టాఫ్ రూములో నాతో, "పేరు పెట్టడానికైనా బుర్ర వాడారు వెధవలు" అని నవ్వింది. ఇరవై రెండేళ్ళలో పిల్లల గురించి ఆవిడ నోట నేను విన్న మంచిమాట అదొక్కటే.

నేను కళాచరిత్ర చెబుతాను. ఆవిడ కంటే ఎనిమిదేళ్ళు చిన్నదాన్ని. నన్ను ఆవిడ ఏనాడూ పేరుతో పిలవలేదు. "ఏం చరిత్రా, హాజరు పట్టీ తెచ్చావా?" అనేది. "ఏం చరిత్రా, బస్సతనికి ఫోన్ చేశావా?" అనేది. పదిమందిలో అలా పిలిస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. పైకి మాత్రం "చేశాను మేడమ్" అనేదాన్ని. ఇప్పుడు ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాస్తున్నాను కదా అని, ప్రేమ కొద్దీ రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు.

మా దగ్గర ప్రయాణపు కోర్సు అని ఒకటుంది. రెండేళ్ళకోసారి దూరాన ఒక పెద్ద ఊళ్ళో బినాలే జరుగుతుంది. ఎక్కడెక్కడి కళాకారులో ఇప్పుడు చేస్తున్న పనులన్నీ తెచ్చి, మూతపడ్డ రైలు వర్క్‌షాపు షెడ్లలో మూడు నెలలపాటు పెడతారు. పాతికమంది పిల్లల్ని బస్సెక్కించుకుని పోయి, ఆరు రోజులు అక్కడే ఉండి, అవన్నీ చూపించి, గీయించి, మార్కులు వేసి వెనక్కి తీసుకురావడం మా పని. నడిపేది ఆవిడ. ఇద్దరు టీచర్లు ఉండాలని రూలు కాబట్టి రెండోదాన్ని నేను.

ఆవిడకో పద్ధతుంది. రోజూ సాయంత్రం నాలుగింటికి షెడ్డులో ఏదో ఒక పని ముందు పిల్లల్ని అర్ధచంద్రంగా నిలబెట్టేది. ఒకరిని మధ్యలోకి పిలిచేది. ఆ ఒకరు తన స్కెచ్ పుస్తకం తెరిచి పట్టుకుని మూడు నిమిషాలు నిలబడాలి. నోరు విప్పకూడదు. మిగతావాళ్ళు వరసగా తలా ఒక తప్పు చెప్పాలి. "బాగుంది" అన్నవాళ్ళకి ఆ రోజు మార్కులు సున్నా. అందరూ అయ్యాక ఆఖర్న ఆవిడ అందుకునేది.

"ఇది గుర్రమని కింద రాసిపెట్టు. లేకపోతే మంచం అనుకుంటారు."

"నీ గీతకి వెన్నెముక లేదు. నీకూ ఉన్నట్టు లేదు."

"మీ నాన్నకి దుకాణం ఉందన్నావు కదూ? వెళ్ళి తాళాలు ఇమ్మని అడుగు."

పిల్లలు నవ్వేవాళ్ళు. నిలబడ్డవాడు తప్ప. నేనూ నవ్వేదాన్ని. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అని ఊరికే అనలేదు. ఆవిడ కంటే నన్నే ఎక్కువ అసహ్యించుకున్న పిల్లలు ఉన్నారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి ఇంట్లో మేడ మీద రెండు గదులు ఆవిడవి. తమ్ముడికి కళ్ళజోళ్ళ దుకాణం. మరదలు మంచి మనిషే కానీ, నేను వెళ్ళినప్పుడల్లా మెట్ల దగ్గరే పట్టుకుని గోడు వెళ్ళబోసుకునేది. "కూర ఎలా ఉంది వదినా అంటే 'తినొచ్చు' అంటారండీ! పద్దెనిమిదేళ్ళు వండి పెట్టాను. తినొచ్చట!"

మేడ మీద రెండో గదిలో ఆవిడ బొమ్మలు ఉండేవి, అన్నీ మొహాలు గోడకి తిప్పి. బినాలేకి మూడుసార్లు పంపింది. మూడుసార్లూ తిరిగొచ్చాయి. నేనొకసారి ఒకదాన్ని ఇటు తిప్పబోతే చేతి మీద చరిచింది. ఆ రోజే చెప్పింది, అడగకుండానే.

"మా గురువు ఐదేళ్ళూ 'బాగుందమ్మా, బాగుందమ్మా' అన్నాడు. అందరితోనూ అదే అంటాడని తెలిసేసరికి నాకు నలభై దాటాయి. ఆ మాటే నన్ను నట్టేట ముంచింది చరిత్రా. తిట్టేవాడు ఒక్కడు దొరికుంటే నేను ఎక్కడ ఉండేదాన్నో!"

ఎవరి పిచ్చి వారికానందం అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆవిడకి ఎవరూ దొరక్కపోవడం నాకు కొంచెం సంతోషంగానే ఉండింది.

పదకొండో ప్రయాణానికి ముందు ఒక తల్లి వచ్చింది. కిందటిసారి మాతో వచ్చిన అబ్బాయి తల్లి. కొడుకు అక్కణ్ణుంచి వచ్చాక పెన్సిల్ ముట్టుకోలేదట, గదిలోంచి బయటికి రావడం లేదట. నాలుగు పేజీల ఫిర్యాదు ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పెట్టి, ఆ కాగితాల మీదే రెండు చేతులూ ఆన్చి ఏడ్చింది. ప్రిన్సిపాల్ మెత్తటి మనిషి. మెత్తటివాళ్ళు ఒకసారి పట్టుకుంటే వదలరు. కోర్సు ఎత్తేస్తానన్నాడు. కత్తెరను తీసి సామాన్ల గదికి పంపిస్తానన్నాడు. అంటే రిటైరయ్యే దాకా రెండేళ్ళపాటు కాగితాలు, రంగు డబ్బాలు లెక్కబెట్టుకుంటూ కూర్చోవాలి.

సరిగ్గా ఆ వారమే బినాలేలో పాల్గొనేవాళ్ళ పట్టీ వచ్చింది. అందులో మా కాలేజీలో చదివిన ఒకమ్మాయి పేరుంది.

ఆ అమ్మాయి పదేళ్ళ కిందట, ఆరో ప్రయాణంలో మాతో వచ్చింది. సన్నగా, ఉందో లేదో తెలియనట్టుండే పిల్ల. ఆఖరి రోజు తిరుగు బస్సెక్కాలి కాబట్టి, మధ్యాహ్నమే కత్తెర ఆమెను మధ్యలోకి పిలిచింది. పుస్తకంలో షెడ్డు పైకప్పు గీసి ఉంది. దూలాలకి కొట్టిన మేకులన్నీ ఒక్కొక్కటే గుండ్రంగా, ఓపిగ్గా గీసింది. కత్తెర ఆ పేజీ వంక చూసి అన్నమాట కాలేజీలో అందరికీ కంఠతా వచ్చు.

"నీకు కళ్ళున్నాయి, చూపు లేదు. చేతులున్నాయి, పని లేదు. ఇక్కడ ఇంకొకరి కుర్చీ ఖరాబు చేస్తున్నావు. ఇంటికెళ్ళి బొత్తాలు కుట్టుకో."

నెల తిరక్కుండా ఆ పిల్ల చదువు మానేసింది. తర్వాత బట్టల మరమ్మతు చేసే దుకాణంలో కుట్టుపని చేస్తోందని ఎవరో చెప్పగా విన్నాం. ఇప్పుడు బినాలేలో ఆమె పెడుతున్నది కూడా కుట్టుపనేనట.

కత్తెర ఆ పట్టీ పట్టుకుని ప్రిన్సిపాల్ గదిలోకి దూసుకుపోయింది. వెనకాలే నేను.

"చూశారా సార్! బొత్తాలు కుట్టుకోమన్నాను. కుట్టింది. ఎక్కడికెళ్ళిందో చూడండి. నా మాట దానికి గుచ్చుకుంది కాబట్టే లేచింది. నేనూ బాగుంది తల్లీ అనుంటే ఈపాటికి ఎక్కడో డ్రాయింగ్ టీచరుగా ఏడుస్తుండేది."

ప్రిన్సిపాల్ ఆ పట్టీ చూసి, "నేనూ వస్తాను. ఆ అమ్మాయినే అడుగుదాం," అన్నాడు. "మీవల్లే పైకొచ్చానని ఆమె ఒక్క మాటంటే, కోర్సూ ఉంటుంది, మీరూ ఉంటారు. అనకపోతే ఇదే ఆఖరు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషికి అంతకంటే ఏం కావాలి? "అడగండి" అంది.

ప్రయాణం రోజు ఆవిడ కొత్త బట్టలు కట్టుకుంది. తమ్ముడు కొత్త కళ్ళజోడు చేసి ఇచ్చాడు. బస్సులో నా పక్కన కూర్చుని, కాసేపటికోసారి దాన్ని తీసి తుడుచుకుంటూ ఉంది.

"మొదట కోపంగానే మాట్లాడుతుందిలే," అంది. "మాట్లాడనీ. నలుగురిలో తిట్టినా పడతాను. కోపం ఉంటే చాలు నాకు."

"తిట్టదులెండి మేడమ్," అన్నాను.

"నీకేం తెలుసు? తిట్టాలి."

ఆరో షెడ్డులో ఆ అమ్మాయి పని. అక్కడికి వెళ్ళింది ఆఖరి రోజున. తలుపు దాటగానే పిల్లల సద్దు దానంతటదే అణిగిపోయింది. పైనుంచి మూడు వందల అస్తర్లు వేలాడుతున్నాయి, తొడుక్కునే కోట్ల లోపలివి. కోట్లు లేవు. లోపల ఎవరికీ కనబడకుండా ఉండే ఆ పల్చటి గుడ్డలు మాత్రమే, విప్పి, ఉతక్కుండా, మనుషుల ఎత్తున వేలాడదీసింది. చంకల దగ్గర చెమట చారలు, మెడ దగ్గర జిడ్డు. ఒకదాని జేబు అడుగున చిరుగుకి ఎవరో తెల్లదారంతో కుట్టుకున్న కుట్టు. ఇంకోదానికి గుండె దగ్గర బయటికి కనిపించని దొంగజేబు. మధ్యలోంచి నడుస్తుంటే అవి భుజాలకి తగిలి కదులుతున్నాయి. మూడు వందలమంది లోపలి బతుకు మధ్యలోంచి నడిచినట్టుంది. ఇన్నేళ్ళు కళాచరిత్ర చెప్పాను, ఇలాంటి పని చూడలేదు. ఈర్ష్య కూడా కలిగింది.

కత్తెర ఆ వరసల్లో అటు చివరి దాకా వెళ్ళింది. తిరిగొచ్చింది. ఒక పాత గోధుమరంగు అస్తరు ముందు ఆగింది. కళ్ళజోడు తీసింది. పాతికమంది పిల్లలూ, ప్రిన్సిపాలూ, నేనూ ఆవిడ నోటి వంకే చూస్తున్నాం.

"బాగుంది," అంది.

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకడు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు కూడా.

అప్పుడే ఆ అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. బొటనవేలికి కుట్టుసుద్ద అంటుకుని ఉంది. కాలేజీ వాళ్ళు వచ్చారని ఎవరో చెబితే పని మధ్యలో లేచి వచ్చిందట. అందరికీ నవ్వుతూ నమస్కారం పెట్టింది. ప్రిన్సిపాల్ గొంతు సవరించుకుని, "అమ్మా, ఈ మేడమ్ నీకు పాఠం చెప్పారు. గుర్తున్నారు కదా?" అన్నాడు.

ఆ అమ్మాయి కత్తెర మొహంలోకి చూసింది. మర్యాదగా, వెతుక్కుంటున్నట్టు.

"నేను అక్కడ ఏడాదిన్నరే ఉన్నాను సార్. అంత బాగా గుర్తులేదు. మీరు... ఆఫీసులో ఉండేవారా మేడమ్?"

పిల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. వాళ్ళు అలవాటు కొద్దీ అప్పటికే అర్ధచంద్రంగా నిలబడి ఉన్నారు. మధ్యలో ఆవిడ.

"పెయింటింగ్," అంది కత్తెర. "పెయింటింగ్ మేడమ్‌ని. ఇక్కడే, రెండో షెడ్డులో నిన్ను నిలబెట్టాను. నీ పుస్తకంలో పైకప్పు గీసుంది. మేకులు."

"మేకులు గుర్తున్నాయి మేడమ్! చాలా గీశాను." ఆ పిల్ల సంబరపడింది. "నిలబెట్టడం... లేదండీ. గుర్తు రావట్లేదు. ఆ రోజు నాకు బాగా జ్వరం. మనుషులు మాట్లాడుతుంటే ఏదో హోరు తప్ప ఏమీ వినబడలేదు."

"జ్వరమా?" ఆవిడ ఒక అడుగు ముందుకేసింది. "కాదు. విన్నావు నువ్వు. విని ఏడ్చావు. అందుకే మానేశావు."

"మానేసింది మా పిన్ని కోసమండీ. మిషన్ సూది చేతిలో దిగింది ఆవిడకి. దుకాణం చూసేవాళ్ళు లేరు. చిన్నప్పట్నుంచీ నేను కుట్టేది అక్కడేగా."

ప్రిన్సిపాల్, "సరే అమ్మా, మంచిది" అని కదలబోయాడు. అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. పరువు దక్కేది. కానీ ఆవిడ ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుంది.

"నీకు కళ్ళున్నాయి, చూపు లేదు అన్నాను," అంది. గొంతు షెడ్డంతా మోగింది. "చేతులున్నాయి, పని లేదు అన్నాను. ఇంకొకరి కుర్చీ ఖరాబు చేస్తున్నావన్నాను. ఇంటికెళ్ళి బొత్తాలు కుట్టుకో అన్నాను! ఇరవైమంది ముందు అన్నాను! గుర్తు తెచ్చుకోవే!"

ఆ తల్లి నాలుగు పేజీలు రాసినా రుజువు చేయలేనిదాన్ని, ఆవిడ తన నోటితో తనే, ప్రిన్సిపాల్‌కి రెండడుగుల దూరంలో నిలబడి, ఒక్కొక్క ముక్కే అప్పజెప్పింది. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకోవడం నేను చూశాను. ఆవిడ చూడలేదు.

ఆ అమ్మాయి చెయ్యి విడిపించుకోలేదు. జాలిగా చూసింది. "అయ్యో! నిజంగా అలా అన్నారా మేడమ్? పిల్లల్ని ఎవరైనా అంత మాట అంటారా?" అంది. ఆ మాటలో కోపం వీసమెత్తు లేదు. ఆవిడను ఓదార్చడానికన్నట్టు, "పోనీలెండి, నాకు తగల్లేదుగా," అని కూడా అంది.

వెనకనుంచి ఒక కుర్రగొంతు, "మూడు నిమిషాలు అయిపోయాయి" అంది. ఈసారి అందరూ నవ్వారు. అలా నవ్వడం నేర్పింది ఆవిడే. ఆవిడ చెయ్యి ఆ పిల్ల మోచేతి మీంచి జారిపోయింది. ఏ పుస్తకమూ లేకుండా అలాగే నిలబడిపోయింది.

అప్పుడా అమ్మాయి నన్ను చూసింది. మొహం విప్పారింది.

"మీరు గుర్తున్నారు మేడమ్! చరిత్ర చెప్పేవారు. మీరే కదూ ఆ రోజు బస్సులో నన్ను వెనక సీట్లో పడుకోబెట్టింది? కళ్ళు తెరవలేకపోయాను. ఒళ్ళో తల పెట్టుకుని దారంతా తడిగుడ్డ వేస్తూనే ఉన్నారు. మధ్యలో బస్సాపించి, మందుల దుకాణం వెతుక్కుంటూ ఎండలో వెళ్ళి మాత్రలు తెచ్చారు. మా అమ్మ పోయాక నన్నెవరూ అలా చూసుకోలేదు. పిన్నికి ఎన్నిసార్లు చెప్పానో మీ గురించి! ఆ కాలేజీ అంటే నాకు గుర్తున్నది అదొక్కటే మేడమ్."

ఆ రోజు బస్సులో నేను ముందు సీట్లో కూర్చుని హాజరు పట్టీ సరిచూసుకుంటున్నాను. జ్వరం అంటుకుంటుందేమోనని వెనక్కి వెళ్ళలేదు కూడా. ఆ పిల్ల తల ఒళ్ళో పెట్టుకున్నది కత్తెర. బస్సాపించిందీ, మాత్రలు తెచ్చిందీ, వాంతి చేసుకుంటే తన శాలువతో తుడిచిందీ కత్తెరే. మధ్యాహ్నం చీల్చి చెండాడి, సాయంత్రం తడిగుడ్డ వేస్తోంది, ఇదేం మనిషిరా అని ఆ రోజు నేను అనుకోవడం కూడా నాకు గుర్తుంది.

ప్రిన్సిపాల్ నా వైపు తిరిగాడు. నా గురించి ఆయన మొహంలో అంత గౌరవం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఇలాంటివాళ్ళు ఉండాలమ్మా పిల్లలతో," అన్నాడు. "మీరు నడుపుతానంటే కోర్సు ఎత్తేయక్కర్లేదు."

ఆ అమ్మాయి నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. సుద్ద నా వేళ్ళకంటుకుంది.

"నాదేముందమ్మా," అన్నాను. అబద్ధం చెప్పలేదు నేను. అది నిజమే కదా.

తిరుగు ప్రయాణంలో ఆవిడ ఒంటరిగా కూర్చుంది. పిల్లలు ఆ వరస సీట్లన్నీ వదిలేశారు. ఎండ వాలుతుండగా లేచి, సీట్లు పట్టుకుంటూ వచ్చి నా పక్కన కూలబడింది. ఆ నాలుగు గంటల్లో ముసలిదైపోయింది. అడుగుతుంది ఇప్పుడు, నలుగురిలో కడిగేస్తుంది అనుకున్నాను. ప్రిన్సిపాల్ మూడు సీట్ల ముందే ఉన్నాడు.

"దానికి ఒళ్ళు కాలిపోతోందట," అంది మెల్లిగా. "నాకు తెలియనే లేదు చూడు. తెలియకుండా నిలబెట్టి తిట్టాను."

నేను ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడ నటించే మనిషి కాదు. నిజంగానే ఆవిడకు గుర్తులేదు. పదకొండు ప్రయాణాల్లో ఎంతమందికి వాంతులు ఎత్తిపోసిందో, ఎంతమంది నుదుళ్ళ మీద చెయ్యి వేసి కూర్చుందో, వాటిని ఆవిడ ఒక పనిగా అనుకుంటేగా గుర్తుండటానికి! తిట్టిన తిట్లు మాత్రం షెడ్డు నంబరుతో సహా గుర్తున్నాయి. వాటినే నమ్ముకుంది పాపం.

మీరేనండీ ఆ మాత్రలు తెచ్చింది. ఈ ఒక్క ముక్క చాలు. కొంచెం గొంతు పెంచి అంటే ప్రిన్సిపాల్‌కి కూడా వినబడుతుంది. నాలిక చివరిదాకా వచ్చింది.

"నువ్వు ఉండబట్టి ఆ పిల్ల బతికింది," అంది ఆవిడ. "నేను చెయ్యలేనిది నువ్వు చేశావు. బాగుంది. చాలా బాగుంది."

ఇరవై రెండేళ్ళు ఆ మాట కోసం నేనూ ఎదురుచూశాను. నాకే తెలియదు ఆ సంగతి.

"ఆ మాత్రం చూసుకోవద్దూ మేడమ్," అన్నాను.

ఆవిడ నా చెయ్యి నొక్కి, లేచి తన సీట్లోకి వెళ్ళిపోయింది. ఆ నెలాఖరుకే ఆవిడను సామాన్ల గదికి మార్చారు. పన్నెండో ప్రయాణానికి పిల్లల్ని నేనే తీసుకెళ్ళాను.